ఇల్లు కుదరని జట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత ఎంత అనుభవంలోంచి పుట్టిందో అమెరికాలోని ఒక బేస్‌బాల్ జట్టు కథ చదివితే మరోమారు తెలిసివస్తుంది. ఓక్లండ్ అథ్లెటిక్స్ అనే ఆ జట్టు తనకంటూ ఒక కొత్త క్రీడాంగణం కావాలని రెండు దశాబ్దాల పాటు తిరిగింది. ఉన్న ఊళ్ళో వెదికింది, పొరుగూళ్ళలో వెదికింది, న్యాయస్థానాల గుమ్మాల దాకా వ్యవహారం వెళ్ళింది. చివరకు 2024 సెప్టెంబరు 26న, యాభై ఏడు సీజన్ల కాపురం ముగించుకుని, ఊరే విడిచిపెట్టింది.

ఆటల కబుర్లకు ఈ గూటిలో చోటేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. కథలూ పద్యాలూ మాట్లాడుకునే చోట బంతులూ బ్యాట్లూ ఎందుకు? నా దృష్టిలో ఇది ఆటను గురించిన కథ కాదు. ఒక ఊరి మమకారానికి వెల ఎవరు కట్టారు, ఆ వెల ఎవరు చెల్లించాలి అన్నది ఇందులోని ప్రశ్న. పైగా ఈ కథలో ఒక ముఖ్య ఘట్టం జరిగిన ఫ్రీమాంట్ మనవాళ్ళకు బొత్తిగా తెలియని ఊరేమీ కాదు. కాలిఫోర్నియాకు ఉద్యోగానికి వెళ్ళిన తెలుగు కుటుంబాలలో ఎన్నో ఆ ఊళ్ళోనో, ఆ చుట్టుపక్కలనో కాపురముంటున్నాయి.

బేస్‌బాల్ సంగతి తెలియనివారికోసం రెండు మాటలు. అమెరికాలో ఈ ఆటకు పైస్థాయి సమాఖ్యలో ముప్ఫై జట్లున్నాయి. ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది, అందులో సగం, అంటే 81, సొంత ఊళ్ళో. జట్టు పేరులో ఊరి పేరుంటుంది కానీ జట్టు ఊరిది కాదు. దానికొక యజమాని ఉంటాడు. మనకిది కొత్త విషయం కాదు. హైదరాబాదు పేరున ఐపీఎల్‌లో ఆడిన డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచింది, 2012లో అంతరించింది, మరుసటి ఏడాది వేరే యాజమాన్యం కింద సన్‌రైజర్స్ వచ్చింది. ఆ మార్పులలో ఊరివాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు. తేడా ఎక్కడంటే, అమెరికాలో జట్టు ఊరు మారతానని బెదిరించగలదు. కొత్త జట్టును చేర్చుకునే అధికారం పాత జట్ల యజమానుల చేతుల్లోనే ఉన్నది కనుక, జట్లకంటే జట్టు కావాలనే ఊళ్ళే ఎప్పుడూ ఎక్కువ. పిల్లలు తక్కువై, పెళ్ళికొడుకులు ఎక్కువైన చోట కన్యాశుల్కం ఎలా పెరుగుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ జట్టుకు సంచారం జాతకంలోనే ఉంది. 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. ఆరంభంలోనే ప్రత్యర్థి జట్టు సారథి జాన్ మెక్‌గ్రా దీన్ని తెల్ల ఏనుగు అని ఎగతాళి చేశాడు. పోషించడానికే గాని దేనికీ పనికిరానిదని భావం. జట్టువాళ్ళు కోపగించుకోకుండా ఆ ఏనుగునే తమ చిహ్నంగా పెట్టుకున్నారు. ఆ ఏనుగు బొమ్మ నూరేళ్ళు దాటినా ఆటగాళ్ళ చొక్కాల మీద మిగిలింది. 1955లో జట్టు కేన్సస్ సిటీకి తరలింది. 1968లో ఓక్లండ్ చేరింది.

ఓక్లండ్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కోకు అఖాతం అవతలి ఒడ్డు. రేవు పట్టణం, కార్మికుల ఊరు. ఎదుటి ఒడ్డున ఉన్న అక్క అందచందాల పక్కన ఎప్పుడూ చిన్నబోయే చెల్లెలు. అటువంటి ఊరికి ఈ జట్టు 1972, 1973, 1974లలో వరసగా మూడు ప్రపంచ సిరీస్‌లు గెలిచిపెట్టింది. 1989లో అఖాతం అవతలి జట్టు జెయింట్స్‌తోనే తుదిపోరు జరుగుతుండగా అక్టోబరు 17 సాయంత్రం భూకంపం వచ్చింది. పది రోజులు ఆట ఆగింది. తిరిగి మొదలయ్యాక ఓక్లండే గెలిచింది. అదే ఊళ్ళో పెరిగిన రికీ హెండర్సన్ ఆ జట్టులోనే ఆడి, 1982లో ఒక్క సీజనులో 130 బేస్‌లు దొంగిలించి చరిత్రకెక్కాడు. మన క్రికెట్ మైదానాలలో జనం వరసగా లేచి చేతులెత్తి కూర్చునే ‘అల’ ఉంది చూశారూ, అది 1981 అక్టోబరులో ఓక్లండ్ క్రీడాంగణంలోనే మొదటగా లేచిందని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

ఆ క్రీడాంగణం పేరు కొలీజియం. 1966లో తెరిచారు. బేస్‌బాల్‌కూ అమెరికన్ ఫుట్‌బాల్‌కూ ఒకే కట్టడం చాలునన్న ఆ కాలపు పొదుపు ఆలోచనతో కట్టినది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన కట్టడమైనా, ఔట్‌ఫీల్డ్ వెనుక తెరిచి ఉన్న భాగంలోంచి ఓక్లండ్ కొండలు కనిపించేవట. ఆ కొండలు 1995–96లో కనబడకుండా పోయాయి. ఎలా పోయాయన్నదే ఈ కథకు తాళంచెవి.

రైడర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు 1982లో ఓక్లండ్‌ను వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. దాన్ని తిరిగి రప్పించాలని నగరమూ, అలమీడా కౌంటీ కలిసి బాండ్లు జారీచేసి, సుమారు 200 మిలియన్ డాలర్ల అప్పు తలకెత్తుకున్నాయి. ఆ డబ్బుతో కొలీజియానికి ఔట్‌ఫీల్డ్ వైపు ఒక మహా కాంక్రీటు గోడలాంటి ఆసనాల దొంతర లేచింది. రైడర్స్ యజమాని ఆల్ డేవిస్ పేరు మీద జనం దానికి మౌంట్ డేవిస్ అని పేరు పెట్టారు. కొండల్ని కప్పేసిన కొండ! ఆ పై అంతస్తు ఎంత నిరర్థకమంటే, 2006 నుంచి బేస్‌బాల్ ఆటలప్పుడు దాన్ని గుడ్డతో కప్పి ఉంచేవారు. ఇక రైడర్స్ మాటేమిటంటారా? 2020లో లాస్ వేగస్ వెళ్ళిపోయింది. జట్టు వెళ్ళిపోయాక కూడా అప్పు వాయిదాలు మాత్రం ఊరివాళ్ళు కట్టుకుంటూ వచ్చారు. తెల్ల ఏనుగు ఎవరో ఇప్పుడు చెప్పండి.

అథ్లెటిక్స్ కొత్త ఇంటి వేట చదివేటప్పుడు ఈ పాత గాయాన్ని మరచిపోకూడదు. పాలకు కాలిన నోటితో ఓక్లండ్ ఆ తరువాత మజ్జిగను సైతం ఊదుకుని తాగింది. దాన్ని అసమర్థత అన్నవారున్నారు. నేను బుద్ధి తెచ్చుకోవడం అంటాను.

2005లో లూ వుల్ఫ్, జాన్ ఫిషర్‌ల బృందం 180 మిలియన్ డాలర్లకు జట్టును కొన్నది. ఫిషర్ తల్లిదండ్రులు గ్యాప్ అనే దుస్తుల దుకాణాల సంస్థను స్థాపించినవారు. కొలీజియం పక్కనే ఒక స్థలంలో కడతామన్నారు, కుదరలేదు. 2006 నవంబరులో, మనకు బాగా పరిచయమైన సిస్కో సంస్థతో కలిసి, ఓక్లండ్‌కు దక్షిణాన ఉన్న ఫ్రీమాంట్‌లో సిస్కో ఫీల్డ్ కడతామని ప్రకటించారు. ఇళ్ళు, దుకాణాలు, మధ్యలో మైదానం. రైలు స్టేషను దగ్గరలో లేదన్నారు. అక్కడ అప్పటికే ఉన్న పెద్ద దుకాణాలవారు అడ్డుచెప్పారు. వార్మ్ స్ప్రింగ్స్ వైపు జరుపుదామంటే, రద్దీ పెరుగుతుందని అక్కడి గృహస్థులు లేచారు. 2009 ఫిబ్రవరిలో ఆ ఆలోచన విరమించారు. ఆ తరువాతి సంవత్సరమే వార్మ్ స్ప్రింగ్స్ దాపునున్న పాత కార్ల కర్మాగారాన్ని టెస్లా తీసుకున్నది. మైదానం రానందువల్ల ఫ్రీమాంట్ చితికిపోలేదన్నది కళ్ళెదుటి వాస్తవం.

తరువాతి మజిలీ శాన్ హోసే. ఇక్కడ కథ హాస్యనాటకంలా మారుతుంది. శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీ జెయింట్స్ ‘భూభాగం’ కిందికి వస్తుంది. ఎలా వచ్చింది? 1990ల ఆరంభంలో జెయింట్స్‌కే కొత్త ఇల్లు దొరకక అటువైపు వెళ్దామనుకున్నప్పుడు, అథ్లెటిక్స్ నాటి యజమాని వాల్టర్ హాస్ పెద్దమనసుతో, పైసా తీసుకోకుండా సరేనన్నాడు. అక్కడి ఓటర్లు జెయింట్స్‌ను కాదన్నారు. జెయింట్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయింది. హక్కు మాత్రం వారి దగ్గరే మిగిలింది. ఇరవై ఏళ్ళ తరువాత అథ్లెటిక్స్ అదే ఊరికి వెళ్తామంటే జెయింట్స్ ససేమిరా అన్నది. 2009లో సమాఖ్య అధిపతి బడ్ సీలిగ్ ఒక సంఘాన్ని వేశారు. ఏళ్ళు గడిచినా ఆ సంఘం తేల్చిందేమీ వెలుగు చూడలేదు. ఫైలు కదలకపోవడమన్నది మన సచివాలయాలకే పరిమితం కాదని తెలిసి కొంత ఊరట కలిగింది నాకు.

2013లో శాన్ హోసే నగరం సమాఖ్య మీద దావా వేసింది. గెలవలేదు. కారణం 1922 నాటి సుప్రీంకోర్టు తీర్పు. బేస్‌బాల్ ప్రదర్శన రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందికి రాదు కనుక గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని ఆనాడు న్యాయస్థానం చెప్పింది. వేరే ఏ ఆటకూ ఈ మినహాయింపు లేదు. 1972లో అదే న్యాయస్థానం ఇదొక అసంగతమని ఒప్పుకుంటూనే, మార్చవలసింది చట్టసభ అని వదిలేసింది. 2015లో శాన్ హోసే అభ్యర్థనను వినడానికి సుప్రీంకోర్టు నిరాకరించడంతో ఆ తలుపు మూసుకుంది.

ఈ ఘట్టం మీద ఒక్క క్షణం ఆగాలి. జట్టు ప్రైవేటు ఆస్తి, యజమాని తన ఆస్తిని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, ఇది స్వేచ్ఛా విపణి అని వాదించే మిత్రులు మన బ్లాగరుల్లోనే ఉన్నారు. నిజంగా స్వేచ్ఛా విపణే అయితే నలభై మైళ్ళ దూరంలోని శాన్ హోసేకు జట్టు ఎందుకు వెళ్ళలేకపోయింది? అయిదు వందల మైళ్ళకు పైగా దూరంలోని లాస్ వేగస్‌కు ఎలా వెళ్ళగలిగింది? యజమానులు తమలో తాము భూభాగాలు పంచుకుని, చట్టం నుంచి మినహాయింపు పొంది, ఊళ్ళ దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం విపణి సూత్రాలు వల్లించడాన్ని ఏమనాలి? జమీందారీలు రద్దయ్యాయని మనం అనుకుంటాం గానీ, కొన్ని రూపాలలో అవి ఇలా బతికే ఉన్నాయి.

2016లో వుల్ఫ్ తప్పుకున్నాడు, ఫిషర్ ముందుకొచ్చాడు. ‘ఓక్లండ్‌లోనే పాతుకున్నాం’ అన్న అర్థం వచ్చే నినాదం చేపట్టారు. 2017 సెప్టెంబరులో లేనీ కళాశాల పక్కని స్థలాన్ని ప్రకటించారు. డిసెంబరులో ఆ కళాశాలల పాలకవర్గం చర్చలు ఆపేసింది. 2018లో రేవు ఒడ్డున హోవర్డ్ టెర్మినల్ అన్నారు. 55 ఎకరాలు, సుమారు 35,000 ఆసనాల మైదానం, 3,000 ఇళ్ళు, హోటలు, కార్యాలయాలు. మొత్తం 12 బిలియన్ డాలర్ల పథకం. మైదానం సొంత డబ్బుతోనే కడతాం, చుట్టూ రోడ్లూ వంతెనలూ వగైరాలకు మాత్రం ప్రజాధనం కావాలన్నారు. రేవు కార్మికుల సంఘమూ, సరుకు లారీలవారూ వ్యతిరేకించారు. పక్కనే రైలు పట్టాలు. అయినా నగరపాలక మండలి 2021 జూలైలో షరతుల ముసాయిదాను ఆమోదించింది, 2022లో పర్యావరణ నివేదికను ధ్రువీకరించింది, పై ప్రభుత్వాల నుంచి వందల మిలియన్ల డాలర్ల నిధులు కూడగట్టింది. చర్చలు సాగుతుండగానే, 2023 ఏప్రిల్‌లో లాస్ వేగస్‌లో స్థలం కుదుర్చుకున్నామని జట్టు ప్రకటించింది. లగ్నపత్రిక రాసుకునే వేళకు పెళ్ళికొడుకు పక్క ఊళ్ళో తాంబూలాలు పుచ్చుకున్నట్టు.

ఆ ఏడాది జూన్ 13 నాటి సంగతి నన్ను ఎన్నో రోజులు వెంటాడింది. ఊరివాళ్ళకు జట్టు మీద ప్రేమ లేదు, జనం రావడం లేదు అన్నది యాజమాన్యం చెప్పిన కారణం. అభిమానులు దానికి సమాధానంగా ఒక తలకిందుల బహిష్కరణ తలపెట్టారు. ఆటకు పోకుండా నిరసన తెలపడం లోకరీతి. వీళ్ళు ఆటకు పోయి నిరసన తెలపాలనుకున్నారు. ఆ మంగళవారం రాత్రి 27,759 మంది వచ్చారు. ఆకుపచ్చ చొక్కాల మీద ‘అమ్మెయ్’ అన్న ఒక్కటే మాట. జట్టును మాకు మిగిల్చే మరో యజమానికి అమ్మెయ్ అని. సరిగ్గా అదే రోజున, పక్క రాష్ట్రం నెవాడాలో సెనేటు ఈ జట్టు మైదానానికి ప్రజాధనం ఇచ్చే బిల్లును ఆమోదించింది. రెండు రోజుల్లో గవర్నరు సంతకం కూడా అయింది. 380 మిలియన్ డాలర్ల వరకు. నవంబరులో ముప్ఫై మంది యజమానులూ ఏకగ్రీవంగా తరలింపుకు సరేనన్నారు. ఇలాంటప్పుడు వసూలు చేసే రుసుమును సైతం మాఫీ చేశారు.

జనం రాలేదన్నది అబద్ధమా? కాదు. రాలేదు. కానీ ఎందుకు రాలేదు? కొలీజియం పాతబడి, మురుగు పొంగి ఆటగాళ్ళ గదుల్లోకి వచ్చిన సంగతి పత్రికలకెక్కింది. మంచి ఆటగాళ్ళు తయారవగానే వేరే జట్లకు తరలిపోయేవారు. 2023లో జట్టు 112 ఆటలు ఓడిపోయింది. వంట మానేసి, ఇంటికి చుట్టాలు రావడం లేదని వాపోతే ఎలా?

ఇక్కడ మనీబాల్ సంగతి చెప్పకుండా ఉండలేను. తక్కువ డబ్బుతో, గణాంకాల సాయంతో పెద్ద జట్లను ఎదిరించిన బిల్లీ బీన్ కథను మైకేల్ లూయిస్ 2003లో పుస్తకంగా రాశాడు. 2011లో బ్రాడ్ పిట్‌తో సినిమాగానూ వచ్చింది. మన సాఫ్టువేరు మిత్రులకు ఎంతో ప్రియమైన పుస్తకం. నాకూ నచ్చింది. 2002లో ఆ జట్టు వరసగా ఇరవై ఆటలు గెలవడం అబ్బురమే. అయితే ఆ కథ మనలో ఒక భ్రమను నాటింది. జట్టు పేదరికం ప్రకృతి విధించినదన్నట్టు, తెలివి ఒక్కటే దానికి మందన్నట్టు చదివాం. అవతలి ఒడ్డున ఉన్న జెయింట్స్‌కూ ఇదే అఖాతం, ఇదే సిలికాన్ లోయ. నాలుగు సార్లు ఓటర్లు తిరస్కరించాక, ఆ జట్టు కొత్త యజమానులు ప్రధానంగా సొంత డబ్బుతోనూ అప్పుతోనూ మైదానం కట్టుకుని 2000లో గృహప్రవేశం చేశారు. కాదన్న ఓటరు జెయింట్స్‌ను చంపలేదు. సొంత కాళ్ళ మీద నిలబెట్టాడు.

ప్రజాధనం ఇస్తే ఊరికి పదింతలు తిరిగి వస్తుందన్న వాదం సంగతేమిటి? ఈ విషయంలో అమెరికా ఆర్థికవేత్తల మధ్య ఉన్నంత ఏకాభిప్రాయం మరే విషయంలోనూ అరుదు. రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ 1997లో వెలువరించిన సంకలనం మొదలు ఇటీవలి పరిశోధనల వరకు చెప్పేది ఒక్కటే: మైదానాలు పెట్టిన ప్రజాధనానికి తగిన ఫలితం ఇవ్వవు. కారణం అర్థం చేసుకోవడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు. ఓ కుటుంబం ఆటకు ఖర్చుపెట్టే డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. సినిమాకో హోటలుకో పెట్టవలసినది ఇటు మళ్ళుతుంది. మైదానం ఏడాదికి ఎనభై ఒక్క రోజులు వెలుగుతుంది, మిగిలిన రోజులు చీకటి. అందులో దొరికే ఉద్యోగాలలో చాలావరకు సీజనువారీ కూలిపనులు. లాభం మాత్రం జట్టు విలువగా యజమాని ఖాతాలో పేరుకుంటుంది. 180 మిలియన్లకు కొన్న జట్టు విలువ బిలియన్ డాలర్లు దాటిందని పత్రికల అంచనా. నెవాడాలో ఉపాధ్యాయుల సంఘం ఒకటి బడులకు లేని డబ్బు మైదానానికి ఎక్కడిదని ప్రజాభిప్రాయ సేకరణ కోరింది. పిటిషను భాష సరిగా లేదని 2024లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

అందుచేత నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఓక్లండ్ ఓడిపోలేదు. పోలీసులకూ బడులకూ రోడ్లకూ డబ్బు చాలని ఊరు, పాతికేళ్ళ నాటి అప్పు అప్పటికీ తీరుస్తూ ఉండిన ఊరు, బేరం ఒక హద్దు దాటాక చేతులు కట్టుకుని కూర్చోవడం పౌరధర్మం. వెళ్ళిపోతానన్న ప్రతిసారీ కాళ్ళ మీద పడితే ఆ బంధాన్ని ప్రేమ అనరు. ఆ నగరపాలకులు తప్పులే చేయలేదని నేననను. 1995 నాటి ఒప్పందం వారిదే. తాత్సారమూ వారిదే. కానీ ఇచ్చి మోసపోవడం కంటే ఇవ్వక నిందపడటం మేలు.

అయితే ఈ వాదం ఇక్కడితో ఆపేస్తే నేను కూడా లెక్కల పుస్తకంలో ఇరుక్కుపోయినట్టే. ఆర్థికవేత్తల లెక్కకు అందని నష్టం ఒకటి జరిగింది. 2024 సెప్టెంబరు 26న టెక్సస్ రేంజర్స్‌తో జరిగిన చివరి ఆటకు 46,889 మంది వచ్చారు. 3–2తో ఓక్లండే గెలిచింది. ఆట అయిపోయినా జనం కదలలేదు. తాతతో వచ్చినవాడు మనవడితో వచ్చిన చోటు అది. దశాబ్దాలుగా అవే మెట్ల దగ్గర టిక్కెట్లు చూసిన ముసలివాళ్ళకూ, వేరుశనగలు అమ్మినవాళ్ళకూ, కుడివైపు ఔట్‌ఫీల్డ్‌లో డప్పులు వాయించినవాళ్ళకూ ఆ రాత్రితో ఒక చిరునామా పోయింది. ఆ డిసెంబరులోనే రికీ హెండర్సన్ కూడా కన్నుమూశాడు. 2019లో బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ అఖాతం దాటింది, 2020లో రైడర్స్ ఎడారి చేరింది, ఇప్పుడిది. అయిదేళ్ళలో మూడు జట్లు! నల్లవారూ కార్మికులూ అధికంగా పెరిగిన ఒక ఊరికి గర్వకారణాలు ఒక్కొక్కటే డబ్బున్న చోటికి నడిచిపోయాయి. ఈ దుఃఖం నిజమైనది. ‘వ్యాపారమే కదా’ అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను. ఆ వ్యాపారం నడిచిందే ఈ మమకారం మీద. ప్రేమను సరుకుగా అమ్మినవాడు, ప్రేమించినవాడి బాధ తనకు సంబంధం లేదనడం న్యాయం కాదు.

మరి దారి ఏమిటి? అమెరికాలోనే ఉంది. గ్రీన్ బే అనే లక్ష జనాభా ఊరి ఫుట్‌బాల్ జట్టు పాకర్స్ 1923 నుంచి ప్రజల వాటాలతో, లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. అమ్ముకోవడానికి యజమాని లేడు, అందుకే తరలిపోతానన్న బెదిరింపూ లేదు. ఆ ఆట సమాఖ్య ఇక మీదట అలాంటి యాజమాన్యం కుదరదని నియమం పెట్టుకున్నదంటేనే ఆ పద్ధతి ఎంత మంచిదో ఊహించవచ్చు. ఓక్లండ్‌లో కూడా బాలర్స్ అనే చిన్నస్థాయి జట్టు 2024లో పుట్టింది. పశ్చిమ ఓక్లండ్‌లోని పాత రైమొండి పార్కును బాగుచేసుకుని ఆడుతున్నది. అభిమానులకు వాటాలు అమ్మింది. 2025లో తన లీగులో విజేతగా నిలిచింది. పెద్ద సమాఖ్యతో పోలిస్తే అది పిల్లల ఆటలాంటిదే కావచ్చు. కానీ ఊరి పేరును ఊరివాళ్ళ చేతిలో పెట్టింది.

అథ్లెటిక్స్ సంగతికి వస్తే, 2025 నుంచి మూడు సీజన్లు శాక్రమెంటో పక్కన వెస్ట్ శాక్రమెంటోలో, సుమారు 14,000 మంది పట్టే ఒక చిన్న జట్టు మైదానంలో తలదాచుకోవాలన్నది ఏర్పాటు. ఆ మైదానం ముంబయిలో పుట్టిన వివేక్ రణదివే నాయకత్వంలోని యాజమాన్యానిది. అక్కడ ఆడినన్నాళ్ళూ జట్టు పేరు ముందు ఏ ఊరి పేరూ పెట్టుకోమన్నారు. ఒట్టి అథ్లెటిక్స్! లాస్ వేగస్‌లో ట్రాపికానా హోటలును 2024 అక్టోబరులో కూల్చి, తొమ్మిదెకరాల స్థలంలో 2025 జూన్‌లో భూమిపూజ చేశారు. 2028కి గృహప్రవేశమని లెక్క. సుమారు ఒకటిన్నర బిలియన్ల దగ్గర మొదలైన అంచనా రెండు బిలియన్ల దాకా పెరిగింది. ఇల్లు కట్టి చూడమన్నది అందుకే.

చివరగా మనకు సంబంధించిన చిత్రమైన సంగతి ఒకటి. బేస్‌బాల్ వెళ్ళిపోయిన తరువాత, 2025 జూన్ 12న అదే కొలీజియంలో మేజర్ లీగ్ క్రికెట్ ఆ ఏటి తొలి ఆట జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున న్యూజీలాండు వాడు ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 పరుగులు చేశాడు, అందులో 19 సిక్సర్లు. ఫ్రీమాంట్, శాన్ హోసేల మనవాళ్ళకు ఇంటి దగ్గరే క్రికెట్ దొరికిందన్న సంతోషం సహజం. నాదొక్కటే విన్నపం. ఈ క్రికెట్టుకూ రేపు పెద్ద మైదానాలు కావాలంటారు. ఊరి డబ్బు అడుగుతారు. ప్రవాసుల మమకారాన్ని చూపించి బేరం పెడతారు. ఆ రోజున మన వాళ్ళు నగరసభల్లో లేచి మాట్లాడవలసి వస్తే, ఆ పైఅంతస్తు కాంక్రీటు కొండ వైపు ఒకసారి చూసి మాట్లాడాలి.

ఆ ప్రాంతంలో ఉంటున్న మిత్రులు, ముఖ్యంగా ఫ్రీమాంట్ చర్చలనాడు అక్కడున్నవారు, తమ అనుభవాలు రాస్తే ఎంతో సంతోషిస్తాను. నాతో విభేదించేవారికి మరింత స్వాగతం.